ఆఖరి చార దాటాక

డెబ్భై ఒకటో ఏట మా అత్తగారికి నేను నడక నేర్పాను.

నవ్వకండి. అంతకుముందు ఆవిడకు నడక రాదని కాదు. బ్రాడీపేట నాలుగో లైనులో ఆవిడ చేతిసంచి పట్టుకుని బయల్దేరితే ఆటోవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవాళ్లు. నేను నేర్పింది వేరే నడక. సిగ్నల్ దగ్గర ఎర్రబొమ్మ వెలగకుండా రోడ్డు దాటే నడక. ఆ ఎర్రబొమ్మ వెలగడానికి కారణం కూడా నేనే. కంచే చేను మేయడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నన్ను చూపించవచ్చు.

నా పేరు వకుళ. గుంటూరులో ట్రాఫిక్ సిగ్నళ్ల కంట్రోల్ రూములో ఇంజనీరుని. కరోనా ఏడాది ఉద్యోగంలో చేరాను. అప్పట్లో మా ఊళ్లో ఆరు సెంటర్లలో కొత్తగా బటన్లు పెట్టారు. రోడ్డు దాటేవాళ్లు స్తంభానికున్న బటన్ నొక్కితే కాసేపటికి ఆకుపచ్చ బొమ్మ వెలుగుతుంది, బళ్లు ఆగుతాయి, జీబ్రా చారల మీదుగా దాటిపోవచ్చు. కరోనా రాగానే ఆ బటన్‌ను ముట్టుకోవడానికి జనం జడిసిపోయారు. కొందరు మోచేత్తో నొక్కారు, కొందరు గొడుగు కొనతో పొడిచారు. ఒకావిడ చెప్పు తీసి కొట్టడం నేను కెమెరాలో చూశాను. చివరికి బటన్లు పనిచేయకుండా చేసి, తొంభై సెకన్లకొకసారి బొమ్మ తనంతట తానే వెలిగేలా మార్చాం.

లాక్‌డౌన్‌లో ఖాళీ రోడ్ల మీద, ఎవరూ లేకుండా, రోజంతా ఆ ఆకుపచ్చ బొమ్మ వెలిగి ఆరుతుండేది. కంట్రోల్ రూములో నేనొక్కదాన్నే కూర్చుని చూసేదాన్ని. అంతకుముందు బటన్ నొక్కులు లెక్కపెట్టే ఎందరు నడుస్తున్నారో మేం తెలుసుకునేవాళ్లం. ఇప్పుడు ఊళ్లో మనుషులున్నారో లేరో సిగ్నల్‌కు తెలిసే దారే పోయింది. తర్వాత బళ్లు మళ్లీ రోడ్డెక్కాయి. మా సిగ్నళ్లు మాత్రం అందరికీ ఒకే పద్దెనిమిది సెకన్లు ఇస్తూ ఉండిపోయాయి. ఒక ముసలాయన సగం దాటి నడిరోడ్డు మీద చిక్కుకుపోయాడు. ఆయన బతికాడు గానీ నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు చేశాను అడుగుపలక. చారల కింద పరిచే పల్చటి రబ్బరు పలక. దాని మీద కాలు పడితే బరువు, వేగం, మడమ ఎప్పుడు లేచింది, వేళ్లు ఎప్పుడు లేచాయి, అన్నీ తెలిసిపోతాయి. ముట్టుకోవలసింది ఏమీ లేదు. నెమ్మదిగా నడిచేవాళ్లకు ఎక్కువ సెకన్లు వస్తాయి. నాకొచ్చిన మంచి ఆలోచన అదొక్కటే. దాంతోనే నా కొంప కూలింది.

పలకలు పరిచిన పన్నెండేళ్లకు ఈడ్పు జ్వరం వచ్చింది.

అది ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు. రోగం తగిలితే నాలుగైదు రోజుల్లో సగానికి పైగా పోయేవాళ్లు. డాక్టర్లకు జ్వరం వచ్చాక గానీ తెలిసేది కాదు. ఒక్కో మనిషి అడుగు ఒక్కో చేతిరాత లాంటిది కాబట్టి, ఆస్పత్రిలో చేరిన వాళ్లను ఒక పలక మీద నడిపించి, వాళ్ల అడుగులు మా సిగ్నళ్ల దగ్గర అంతకుముందు ఎలా పడ్డాయో వెతికాను. జ్వరం రావడానికి రెండు రోజుల ముందు నుంచే ప్రతివాళ్లకూ ఎడమకాలి మడమ రవ్వంత ఆలస్యంగా లేచింది. నూట ముప్పై మందిలో నూట ముప్పై మందికీ. ఆ రోజు నేను కుర్చీలోంచి లేచి ఇన్నయ్య గారిని పట్టుకుని ఊపేశాను. ఆయన మా టెక్నీషియన్, ఏడాదిలో రిటైరవ్వాల్సిన మనిషి. "రోగం రాకముందే రోడ్డు చెప్తందన్నమాట!" అని ఆయన సిలువ గుర్తు వేసుకున్నాడు.

పైవాళ్లు నా రిపోర్టు చదివి వారం తిరక్కుండా ఉత్తర్వు ఇచ్చారు. సందులన్నీ బారికేడ్లతో మూసేశారు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఇంటికొకరు బయటికి రావచ్చు, రావాలంటే పలక దాటాల్సిందే. మడమ ఆలస్యమైతే బొమ్మ ఎర్రగా వెలుగుతుంది, గంట మోగుతుంది, పక్కనే ఉన్న వ్యాను తలుపు తెరుచుకుంటుంది. ఊరి బయట షెడ్లలో పెడతారు. మొదటి నెలలో మందు లేదు. వెళ్లిన పదిమందిలో ముగ్గురో నలుగురో తిరిగొచ్చారు.

మా లైను చివర ఇస్త్రీ బండి పెట్టుకునే కోటయ్యను మా అత్తగారి కళ్లముందే ఎక్కించారు. ఆవిడ పాలప్యాకెట్ పట్టుకుని వణుకుతూ ఇంటికొచ్చింది. నేను అప్పుడే ఆఫీసు జీపు కోసం చెప్పులు వేసుకుంటున్నాను.

"వాడు పరిగెత్తి చూపించాడే! 'నాకేం లేదు, చూడండి, చూడండి' అని అటూ ఇటూ పరిగెత్తాడు. ఆ గంట ఆగలా," అంది. గడప మీద కూలబడింది. "రేపట్నుంచి నేను పోను. కాఫీ మానేస్తా."

మాణిక్యమ్మ గారు కాఫీ మానేస్తాననడం అంటే మాటలు కాదు. మా ఆయన గూడ్సు రైళ్ల డ్రైవరు. గుంతకల్లులో డ్యూటీ, ఇంటికి రానివ్వడం లేదు. నేను పొద్దున్నే వెళితే చీకటి పడ్డాకే వస్తాను. ఇంట్లో తొమ్మిదేళ్ల మా అమ్మాయి పున్ని. బయటికి వెళ్లాల్సింది ఆవిడే.

"అత్తయ్యా, మీకు ఒంట్లో బాగానే ఉందిగా."

"కోటయ్యకు మాత్రం ఏమయింది? పొద్దున నన్ను పలకరించి నవ్వాడు." నా ముఖంలోకి చూసింది. "ఆ పలక పెట్టింది నువ్వేగా వకుళా? మరి దాన్ని దాటేదెట్టాగో కూడా నువ్వే చెప్పు."

చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం డాబా మీద చెప్పాను. ఆవిడే ముగ్గుపిండితో పన్నెండు చారలు గీసింది, కొలతలు నావి. మడమ ఎంతలో లేవాలో, అడుగు ఎంత పొడవుండాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, మెషీన్‌కు తెలిసినవన్నీ నాకు తెలుసు.

"ఎడమకాలు అత్తయ్యా. మడమ ముందు లేవాలి."

"మడమ లేవకుండా గాల్లో నడుస్తన్నానా ఏంది ఇప్పటిదాకా?"

పున్ని స్టీలు కంచం ఒళ్లో పెట్టుకుని చెంచాతో తాళం వేసింది. తకిట తకధిమి. తకిట తకధిమి. "తప్పు నానమ్మా! మళ్లీ మొదట్నుంచి!" అని గదమాయించింది. మా అత్తగారు చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, పళ్లు బిగించి, కవాతులో కొత్త పోలీసులాగా నడిచింది. ఆ రోజు ముగ్గురం చాలా నవ్వాం. ఈడ్పు జ్వరం మొదలయ్యాక మా ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు.

నానమ్మకు వారం పట్టిన నడక పున్నికి రెండు రోజుల్లో వచ్చేసింది. రేపు స్కూళ్లు తెరిస్తే అదీ పలక దాటాలి కదా అనుకున్నాను. "ఇంట్లో కూడా అట్టాగే నడువమ్మా, మరిచిపోకుండా ఉంటది," అన్నాను. పిల్ల బుద్ధిమంతురాలు. నీళ్లకు వెళ్లినా, బొమ్మ తెచ్చుకున్నా, నేను చూస్తున్నంతసేపూ అదే నడక నడిచేది. నడిచి నా వైపు తిరిగి చూసేది, నేను తల ఊపేదాన్ని.

డాబాలకు పిట్టగోడలుంటాయి గానీ ఎదురింటివాళ్ల కళ్లకు అడ్డేముంటుంది? పది రోజుల్లో మా లైనులో పదకొండు డాబాల మీద ముగ్గు చారలు కనిపించాయి. పక్కింటి రత్తమ్మ గారు వాళ్లాయనను సాయంత్రాలు నడిపిస్తూ "ఏవండీ, ఎడమది, ఎడమది" అని కేకలేయడం మా వంటింట్లోకి వినపడేది.

ఆ తర్వాతి సోమవారం ఇన్నయ్య గారు నన్ను తెర దగ్గరికి పిలిచాడు.

"మేడమ్, ఇది చూడండి. నాలుగో లైనోళ్లంతా ఒకే మనిషి నడిచినట్టు నడుస్తన్నారు."

చూశాను. బరువులు వేరు, వయసులు వేరు, అడుగు మాత్రం ఒకటే. నా కొలతలే.

"నాలుగో లైనంటే మీరుండేదేగా?" అన్నాడు.

"అవును."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా కొసతో చాలాసేపు తుడిచాడు. "అద్దాలు మార్పించాల. సరిగ్గా కనపడటంలా," అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

రెండో నెలలో సూది వచ్చింది. జ్వరానికి ముందున్న ఆ రెండు రోజుల్లో వేస్తే నూటికి తొంభై మంది బతికారు. జ్వరం వచ్చాక వేస్తే నీళ్లు పొడిచినట్టే. జబ్బే లేనివాళ్లకు వేస్తే గుండె ఆగిపోతుంది. అందుకని ఎర్రబొమ్మ వెలిగితేనే సూది, లేకపోతే లేదు. నిన్నటిదాకా చావుకు పంపిన ఎర్రబొమ్మ ఇప్పుడు ప్రాణం పోస్తోందని ఆటోలో మైకు పెట్టి ఊరంతా చెప్పారు. ఎవరు నమ్ముతారు?

"సూదేస్తారంట. ఎవరికేశారో, ఆ బతికినోడెవడో తెచ్చి చూపించమను," అంది మా అత్తగారు.

నాకు తెలుసు. బతికినవాళ్ల లెక్క రోజూ మా ఆఫీసుకు వచ్చేది. ఒకసారి నసిగాను. "అత్తయ్యా, ఇక మామూలుగా నడిచినా పర్లేదు."

"అంటే నన్ను తీసకపొమ్మంటావా?"

నేను నోరు మూసుకున్నాను. ఎందుకని అడిగితే, వ్యానంటే నాకూ భయమే. ఆ భయం కంటే, నేను చేసిన పని బయటపడుతుందన్న భయం పెద్దది. పలకను మోసం చేయడం నేరం, నేర్పించడం ఇంకా పెద్ద నేరం. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడు వారాలు గడిపేశాను.

గురువారం తెల్లవారుజామున పాలు పొంగిన వాసన వచ్చింది. వంటింట్లోకి వెళితే మా అత్తగారు పొయ్యి ముందు నిలబడి ఉంది. పాలు గట్టు మీదకు, గట్టు మీద నుంచి ఆవిడ పాదాల మీదకు కారుతున్నాయి. ఆవిడ కదలడం లేదు.

"కాలు రావట్లా వకుళా," అంది చాలా మామూలుగా. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

ఆస్పత్రిలో డాక్టరు చిన్నపిల్ల, నిద్రలేని కళ్లు. "ఎర్రబొమ్మ రాలేదా?" అని అడిగింది.

"లేదు. మంగళవారం దాటారు, బుధవారం దాటారు. ఆకుపచ్చే."

"అదెట్టా అండీ? పలక తప్పు చెప్పదే." కాగితాలు తిరగేసింది. "ఈ వారంలో మీ లైను నుంచే ఆరుగురు. రత్తమ్మ గారని ఒకావిడ, వాళ్లాయన పొద్దున్నే పోయారు. ఎవరికీ ఎర్రబొమ్మ రాలేదు. రెండు రోజుల ముందు వచ్చుంటే అందరినీ ఇంటికి పంపేదాన్ని."

ఆరుగురు. రత్తమ్మ గారి కేకలు ఇప్పుడు చెవిలో మోగుతున్నాయి, ఎడమది, ఎడమది అని.

స్ట్రెచర్ మీద తీసుకువెళుతుంటే మా అత్తగారు నా కొంగు పట్టుకుంది. "పున్నిని రోజూ నా పక్కలోనే పడుకోబెట్టుకున్నానే. దాన్ని చూసుకో." తలుపులు మూసుకున్నాయి. శనివారం మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయన గుంతకల్లు నుంచి ఫోన్‌లోనే ఏడ్చాడు. నాతో పదమూడేళ్లు పోట్లాడుతూ, నేను ఆలస్యంగా వస్తే అన్నం మూతపెట్టి మేలుకుని కూర్చున్న మనిషిని చివరిచూపు కూడా చూడనివ్వలేదు.

డాక్టరు గురువారమే చెప్పింది. "పాపకు సోకే ఉండొచ్చు, సోకకపోయీ ఉండొచ్చు. జబ్బు లేకుండా సూదేస్తే ఆ పసిగుండె తట్టుకోదు. పొద్దునా సాయంత్రం పలక మీద నడిపించండి, అనుమతి చీటీ రాసిస్తాను. ఎర్రబొమ్మ రాగానే వ్యానెక్కించండి. జ్వరం వచ్చాక తెస్తే నా చేతుల్లో ఏం లేదండీ."

శుక్రవారం పొద్దున పున్నిని పద్నాలుగో అడ్డరోడ్డు సిగ్నల్ దగ్గరికి తీసుకెళ్లాను. అది వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, పన్నెండు చారలూ దాటింది. ఆకుపచ్చ.

"పున్నీ, అట్టా కాదమ్మా. మామూలుగా నడువు."

"మామూలుగానే నడుస్తన్నాగా."

మళ్లీ దాటించాను. ఆకుపచ్చ. బరువు సంచి ఇచ్చి దాటించాను. కథ చెబుతూ చెయ్యి పట్టుకుని దాటాను. తిట్టాను. ఏడిపించాను. ఏడుస్తూ కూడా ఒక్క అడుగు తప్పలేదు. ఆ బొమ్మ నా వంక చూసి ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. ఊరంతా ఎరుపును చూసి భయపడుతుంటే నేను ఆ ఆకుపచ్చను చూసి వణికిపోయాను. అది నిజం చెబుతోందా, నా పాఠం అప్పజెబుతోందా?

ఇంట్లో కనిపెట్టి చూశాను. గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి అదే నడక. ఒకసారి నా వైపు తిరిగి నవ్వింది, తల ఊపుతానేమో అని. నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను. తొమ్మిదేళ్ల నా కూతురు ఎలా నడుస్తుందో నాకు గుర్తు రావడం లేదు. నానమ్మ పోయినప్పటి నుంచి అది సరిగ్గా తినడం లేదు. అది దిగులో, రోగమో నాకు తెలియదు. గంటకోసారి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తున్నాను. చల్లగా ఉంటే అమ్మయ్య అనుకునే దారి కూడా లేదు, చల్లగా ఉన్నప్పుడే కదా సూది వేయాల్సింది.

ఆదివారం మధ్యాహ్నం పిల్లను కంట్రోల్ రూముకు తీసుకెళ్లి, బల్ల మీద బొమ్మల పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టాను. ఇన్నయ్య గారిని పక్కకు పిలిచి అంతా చెప్పేశాను. డాబా, ముగ్గుపిండి, కొలతలు, ఆరుగురు.

"తెలుసమ్మా," అన్నాడు. అప్పటిదాకా నన్ను మేడమ్ అనేవాడు. "తెలిసి ఊరుకున్నా. ఆ పాపంలో నాకూ వాటా ఉంది." నా కుర్చీని తెర ముందుకు జరిపాడు. "ఏడుపు తర్వాత. పెద్దమ్మగారి మంగళవారం నడక తియ్యి."

సిగ్నల్ కెమెరాలో రికార్డయింది తెర మీద వేశాను. మా అత్తగారు వచ్చింది, పాలప్యాకెట్ చంకలో పెట్టుకుంది, చారల మీద కాలు పెట్టింది. మడమ సరిగ్గా లేచింది. పెదవులు కదులుతున్నాయి, తకిట తకధిమి అనుకుంటోంది. పన్నెండో చార దాటింది. ఆకుపచ్చ. మా ప్రోగ్రాం అక్కడితో ఆగిపోతుంది. నేను ఆపబోయాను.

"ఆపబాక," అన్నాడు ఇన్నయ్య గారు. "పోనీయ్ ముందుకి. చారలు దాటాక ఏం చేసిందో చూద్దాం."

పోనిచ్చాను. ఫుట్‌పాత్ ఎక్కి నాలుగడుగులు వేసిందో లేదో ఆవిడ ఎడమకాలు నేల మీద ఈడ్చుకుపోయింది. కరెంటు స్తంభం పట్టుకుంది. వంగి పిక్క రుద్దుకుంది. ఎవరైనా చూస్తున్నారేమో అని అటూ ఇటూ చూసింది. ఆ తర్వాత గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, ఇంటికి బయల్దేరింది.

పన్నెండేళ్లుగా నేను మొదటి చార నుంచి ఆఖరి చార దాకానే చూశాను. ఆఖరి చార దాటిన మనిషి నాకు అక్కర్లేని మనిషి. మిగతా ఐదుగురివీ తీసి చూశాం. అందరూ దాటేదాకా బాగున్నారు. దాటాక రత్తమ్మ గారి భర్త మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు.

"బిగబట్టి నడిచిన కాలు తర్వాత మొరాయిస్తదమ్మా. నా మోకాలు చూడు, స్తంభం మీదున్నంతసేపూ గమ్మునుంటది, దిగాకే నా పని పడతది," అన్నాడు ఇన్నయ్య గారు. "పలక కోసం నడిచేటప్పుడు కాదు, ఎవరూ చూట్టంలేదు అనుకున్నప్పుడు చూడు పాపని. నువ్వు కూడా కనపడబాక."

సోమవారం పొద్దున ఆరున్నరకు సిగ్నల్ దగ్గర పదిహేను మంది దాకా వరసలో ఉన్నారు. కానిస్టేబుల్ బారికేడ్ పక్కన, వ్యానులో నర్సు. వరసలో రత్తమ్మ గారు కూడా ఉంది. నన్ను చూసి కళ్లు దించుకుంది, మా ఇంట్లోనూ చావే కదా అని. రోడ్డుకు అవతల పాలబూత్.

సిగ్నల్ పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పెద్ద ఇనప పెట్టె, తలుపు తీస్తే మనిషి మరుగున నిలబడవచ్చు.

"పున్నీ, నువ్వు పోయి పాలు తీసుకో. నాకు ఈ పెట్టెలో పనుంది."

"నువ్వు చూడవా మరి?"

"చూడలేనమ్మా. పనుంది."

నా వెనక దాని చెప్పుల చప్పుడు చారల మీదకు వెళ్లింది. సమంగా, ఒక్కటీ తప్పకుండా. తలుపు సందులోంచి చూశాను. ఆఖరి చార దాటింది. ఆకుపచ్చ. వెనక్కి తిరిగి నా కోసం వెతికింది. నేను కనపడలేదు.

ఒకటి. రెండు. మూడో అడుగుకు ఎడమకాలి చెప్పు ఊడి వెనక పడిపోయింది. అది చూసుకోలేదు. ఉత్తి పాదం నేల మీద రాసుకుంటూ పోయింది. బూత్ దాకా వెళ్లలేక మధ్యలో ఫుట్‌పాత్ అంచున కూర్చుంది. రెండు చేతులతో పిక్క పట్టుకుని, ముఖం మోకాళ్ల మీద పెట్టుకుంది.

చారలు ఎలా దాటానో తెలియదు. గంట మోగింది, నా మీదే మోగి ఉంటుంది, పరిగెత్తాను కదా.

"సిస్టర్! ఈ పాపను ఎక్కించుకోండి! తొందరగా!"

నర్సు తెర చూసుకుంది. "మేడమ్, పాపకు ఆకుపచ్చేగా వచ్చింది? ఎర్రబొమ్మ లేకుండా నేనెట్టా ఎక్కించుకుంటా? సూది తప్పయితే పాప పోద్ది."

"ఆ ఆకుపచ్చ అబద్ధం. పలకను మోసం చేసే నడక దానికి నేర్పింది నేను."

"మీరా? మీరు సిగ్నళ్ల మేడమే కదా?"

"నేనే. మా అత్తయ్యకు నేర్పాను. నన్ను చూసి లైనంతా నేర్చుకుంది. చారలు దాటాక చూడండి, పాప కాలు ఈడుస్తోంది. ఇంకా జ్వరం రాలేదు. ఇంకా టైముంది సిస్టర్, మీ కాళ్లు పట్టుకుంటాను."

వరసలో వాళ్లు ఒకరి కాళ్లు ఒకరు చూసుకున్నారు. రత్తమ్మ గారు రోడ్డుకు అవతలి నుంచి నా వంకే చూస్తోంది. గొంతు పెంచలేదు. "మా ఆయన కాలు అట్టా ఈడ్చింది ముసలితనం అనుకున్నానే. నీకు తెలుసా వకుళా?" అంది.

కానిస్టేబుల్ ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడుతూ నా దగ్గరకు నడిచి వస్తున్నాడు. నన్ను తీసుకెళితే తీసుకెళ్లనీ, ముందు పిల్ల వ్యానెక్కాలి.

నర్సు వంగి పున్ని పాదం అరచేతిలోకి తీసుకుంది. మడమ పైకి నెట్టింది, వదిలింది. నా ముఖం చూసింది. "రాసి సంతకం పెట్టాల మేడమ్. పాపకు జబ్బుందని మీ కళ్లతో చూశారా? ఖాయమేనా?"

కాకపోతే? దిగులుతో, తిండి లేక, కాలు నొప్పి పుట్టి కూర్చుని ఉంటే? తప్పయితే సూదితో నా బిడ్డను నేనే చంపినదాన్నవుతాను. ఊరుకుంటే రేపో ఎల్లుండో జ్వరం చంపుతుంది.

"చూశాను," అన్నాను. సంతకం పెట్టాను.

వ్యాను తలుపు తెరుచుకుంది. పున్ని ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఆ తలుపు అంటే ఏమిటో దానికి చెప్పింది కూడా మేమే. నర్సు చేతిలోంచి పాదం లాక్కుని గబుక్కున లేచి నిలబడింది. వెన్ను నిటారుగా పెట్టింది. ఒంటి చెప్పుతో, ఫుట్‌పాత్ మీద, నా ముందు అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది.

"చూడమ్మా, చూడు! సరిగ్గా నడుస్తన్నాగా! నువ్వు చెప్పినట్టే నడుస్తన్నాగా! నాకు ఆకుపచ్చే వచ్చిందమ్మా, నన్నెందుకు పంపిస్తన్నావు?"

నేను వెళ్లి దాన్ని ఎత్తుకున్నాను. నా మెడ పట్టుకుని ఏడుస్తూనే ఉంది. గాల్లో కూడా ఆ కాళ్లు నడుస్తూనే ఉన్నాయి, ఎడమది రవ్వంత ఆలస్యంగా.